పూలమాలతో సహా తూకం

ఆకాశాన్ని జనానికి చూపించే ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ముందే చెబుతున్నాను: ఆ ఉద్యోగంలో మీరు ఆకాశాన్ని చూడరు. నేనున్నన్నాళ్ళూ సగం జిల్లా నా చేతుల మీదుగా శనిగ్రహం చూసింది. నేను మాత్రం నట్లు చూశాను, బోల్టులు చూశాను, వంగి వంగి నా సొంత మోకాళ్ళు చూశాను. శనికి వలయాలున్న సంగతి నాకు తెలిసింది, చూసినవాళ్ళు "అబ్బా!" అన్నప్పుడు వాళ్ళ మొహాల్లోనే.

యాభై దాటగానే నా నడుము నా తరఫున స్వచ్ఛంద పదవీ విరమణకు దరఖాస్తు పెట్టింది. నేను సంతకం మాత్రం చేశాను. కాబట్టి ఇప్పుడు తీరిగ్గా రాయగలను. ప్రమోషన్ల సంగతి రాయను, రాస్తే ఒక వాక్యం కూడా నిండదు. ఫైళ్ళ సంగతి అసలే రాయను. రాసేదల్లా తూకం గురించి. టెలిస్కోపునూ, దానికి తగిలించిన సరంజామానూ మోటారు మౌంటు మీద సమంగా నిలబెట్టే పని గురించి. ఆ పని నాకు నేర్పింది వసుంధర మేడం. ఆమెను పొగడటానికే ఇదంతా రాస్తున్నానేమోనని మీకు మధ్యలో అనుమానం వస్తుంది. ఆ అనుమానం నిజమే.

మొండయ్య

తిరుపతిలో ఒక విజ్ఞాన కేంద్రం, దానికొక వ్యాను, వ్యానులో ఒక టెలిస్కోపు, టెలిస్కోపుకు ఒక మౌంటు, మౌంటుకు నేను. బడి బడికీ తిరిగి పిల్లలకు చందమామనూ గ్రహాలనూ చూపించడం మా పని.

మౌంటు అంటే టెలిస్కోపును మోసే ఇనుప మెడ. మూడుకాళ్ళ స్టాండు మీద కూర్చుంటుంది. భూమి ఒకవైపు తిరుగుతుంటే, లోపలున్న మోటారుతో అది ఎదురువైపు అంతే నెమ్మదిగా తిరుగుతూ, మనం చూస్తున్న చుక్క చూపులోంచి జారిపోకుండా పట్టి ఉంచుతుంది. మా మౌంటు పేరు మొండయ్య. పేరు నేనే పెట్టాను. దాన్ని వ్యానులోంచి దించినప్పుడల్లా ఆ ఊరు ఒక అంగుళం కిందికి దిగేదని నా గట్టి నమ్మకం. నలుగురం మౌంటును పట్టుకుంటే, ఐదోవాడు దేవుణ్ణి పట్టుకునేవాడు.

ఇంత ఏనుగుకూ లోపలున్న మోటారు నా బొటనవేలంత. నమ్మండి, ఈ ఒక్కచోట నేను పెంచి రాయడం లేదు. ఆ బొటనవేలు అంత బరువును తిప్పగలుగుతుందంటే కారణం తూకం. ఆడికృత్తిక పండక్కి కావడి ఎత్తేవాళ్ళను చూసే ఉంటారు. భుజం మీద బద్ద, రెండు పక్కలా సమానమైన బరువు. సమంగా ఉన్నంతసేపూ మనిషి గంతులు కూడా వేయగలడు. ఒకవైపు లాగిందా, భుజం పోతుంది. మొండయ్య కూడా కావడే. ఒకవైపు టెలిస్కోపు, కెమెరా, వైర్లు. రెండోవైపు ఒక ఇనుప కడ్డీ, దాని మీద అటూ ఇటూ జరిపే గుండ్లు. గుండ్లను జరిపి రెండు పక్కలూ సమం చేయాలి. తర్వాత టెలిస్కోపు గొట్టాన్నే ముందుకో వెనక్కో జరిపి, మూతి బరువూ తోక బరువూ సమం చేయాలి. చెప్పడానికి ఇంతే. చేయడానికి నాకు ఒక నడుము ఖర్చయింది.

బిగించు సారు

మేడం కంటే ముందు మాకొక బాసు ఉండేవాడు. మంచివాడే. కానీ లోకంలోని సమస్యలన్నింటికీ ఆయన దగ్గర ఒకే మందు: "ఇంకా బిగించప్పా."

మౌంటులో క్లచ్చులుంటాయి. వదులు చేస్తే గొట్టం చేతికి స్వేచ్ఛగా తిరుగుతుంది, బిగిస్తే మోటారుకు దొరుకుతుంది. తూకం చూడాలంటే వదులు చేయాలి. మా సారు జీవితంలో వదులు చేయడమనేదే లేదు. తూకం లేకపోయినా క్లచ్చు బిగించేస్తే గొట్టం కదలకుండా నిలబడుతుంది కదా! నిలబడుతుంది. లోపల మోటారు మాత్రం ఏడుస్తుంటుంది.

ఒకసారి బంగారుపాళ్యం దగ్గర ఒక బడికి వెళ్ళాం. పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు, నడినెత్తిన సగం చందమామ. చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీల వాళ్ళూ, తోటల వాళ్ళూ పిల్లలతో సహా వచ్చేశారు. తీరా చూస్తే ఒక గుండు తిరుపతిలోనే ఉండిపోయింది. సారు అటూ ఇటూ చూసి, వలసంచి నిండా తోతాపురి కాయలు తెప్పించి కడ్డీకి వేలాడదీయించారు. న్యాయంగా చెప్పాలి, ఆలోచన బ్రహ్మాండమైనది. మామిడికాయలతో చందమామను తూచిన మొదటి మనిషి ఆయనే అయ్యుంటారు.

కానీ అది బంగారుపాళ్యం. కళ్ళెదుట దోరకాయలు వేలాడుతుంటే వరుసలో నిలబడ్డ జనం ఊరికే ఉంటారా? ఎవరో ఒక కాయ లాగారు. ఇంకెవరో ఉప్పూ కారం కూడా తెచ్చారు. సంచి తేలికయ్యేకొద్దీ గొట్టం వైపు బరువెక్కింది. "బిగించు, బిగించు" అని సారు. నేను బిగిస్తూనే ఉన్నాను, గొట్టం జారుతూనే ఉంది. అప్పుడు కంటి దగ్గరున్న పెద్దాయన ఒక్క కేక పెట్టాడు.

"ఒరే అబ్బా! సందమామలో ఫ్యాక్టరీ ఉండాదిరా! పొగగొట్టం తలకిందులుగా కట్నారు!"

దేన్నైనా తలకిందులుగానే చూపించే మా టెలిస్కోపు దిగజారి దిగజారి రోడ్డవతలి గుజ్జు ఫ్యాక్టరీని చూస్తోంది. వరుసలో ఉన్నవాళ్ళంతా అది చూసి ఆశ్చర్యపోయారు. కొందరు చందమామలో పని దొరుకుతుందేమోనని కూడా అడిగారు. మోటారు నుంచి మాత్రం వేరుశనక్కాయలు వేగిన వాసన వచ్చింది. ఆ మోటారు మళ్ళీ లేవలేదు.

చెయ్యి తియ్యి

కొత్త మోటారూ కొత్త బాసూ ఇంచుమించు ఒకే కాలంలో వచ్చారు. వసుంధర మేడం తిరుపతి మనిషే. భౌతికశాస్త్రం చదివి, చెప్పి, మా కేంద్రానికి అధికారిగా వచ్చారు. వాళ్ళ నాన్నగారు గుడి సేవలో ఉండేవారు. వాహనసేవల్లో ఉత్సవమూర్తికి అలంకారం చేసే పని. ఆ సంగతి తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

వచ్చిన రోజే మొండయ్యను బయటికి తెప్పించారు. నేను గుండ్లు జరిపి, గొట్టం జరిపి, ఒక చేత్తో గొట్టాన్ని పట్టుకుని, "తూకం కుదిరింది మేడం" అన్నాను ధీమాగా.

"చెయ్యి తియ్యి, వత్సలం."

భక్తవత్సలం అనే నా పూర్తి పేరును సగానికి తగ్గించినవారు కూడా ఆమే. చెయ్యి తీశాను. గొట్టం మూతి దభీమని నేలకు దండం పెట్టింది.

"నువ్వు పట్టుకున్నంతసేపూ నీ చెయ్యి కూడా తూకంలో ఉంటుంది. చెయ్యి తీశాక నిలబడితేనే తూకం" అన్నారు.

అంతే ఆమె పాఠం. ఆ తర్వాత ప్రతి ఊళ్ళోనూ అదే మాట. చెయ్యి తియ్యి. తీస్తే పడిందా, మళ్ళీ మొదటికి. కోప్పడేవారు కాదు. పక్కన నిలబడి, నేను చెమటతో తడిసి ముద్దయ్యేదాకా, ప్రపంచంలో ఇంతకంటే ముఖ్యమైన పని లేనట్టు చూసేవారు. అలా చూసే బాసు దగ్గర ఎవడైనా పని నేర్చుకుంటాడు. తిట్టే బాసు దగ్గర తిట్లు మాత్రమే నేర్చుకుంటాడు.

ఇంకో రెండు సంగతులు ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మొదటిది: పనిలో ఏవేవి ఉంటాయో అవన్నీ తగిలించాకే తూచాలి. కెమెరా తర్వాత పెడతాను, వైరు తర్వాత వేస్తాను అంటే మీరు తూచింది వేరే టెలిస్కోపును. రెండోది వింటే మీరు నన్ను నమ్మరు. తూకం పూర్తిగా కుదిరాక దాన్ని రవ్వంత చెడగొట్టాలి. తూర్పు వైపు చిటికెడు బరువు ఎక్కువ ఉంచాలి. ఎందుకు? కొండకు వెళ్ళే బస్సును గమనించండి. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు గేరు పళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిగా లాగుతాయి. సమమైన రోడ్డు మీద వదులై గడగడమంటాయి. మోటారు గొట్టాన్ని పడమరకు తిప్పుతుంది కాబట్టి, తూర్పు వైపు కొంచెం లాగుతుంటే పళ్ళు వదలకుండా పట్టుకుంటాయి, బొమ్మ వణకదు. "మరీ సమంగా ఉన్నా నిలకడ ఉండదు, వత్సలం. కొంచెం లాగేది ఉండాలి" అనేవారు.

కార్వేటినగరంలో గ్రహణం

ఇప్పుడు అసలు కథ. మధ్యాహ్నం పైన పాక్షిక సూర్యగ్రహణం. కార్వేటినగరంలో ఒక బడి సైన్సు అయ్యవారు మునిరత్నం మమ్మల్ని పిలిచాడు. బడి వరండాలో తెర కట్టి, సూర్యుణ్ణి కెమెరాతో పట్టి తెర మీద చూపించాలని ఏర్పాటు. టెలిస్కోపు మూతికి సూర్యుణ్ణి అణచే నల్లటి ఫిల్టరును మేడం స్వయంగా బిగించారు. ఆ ఒక్క పని ఆమె ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఊపి చూసి, లాగి చూసి, మళ్ళీ ఊపి చూసేవారు. మీరూ అలాగే చేయండి. మౌంటు పాడైతే కొత్తది వస్తుంది, కన్ను రాదు.

వ్యాను ఆగగానే మునిరత్నం పరుగున వచ్చాడు. మొహం చూస్తే గ్రహణం అప్పుడే పట్టినట్టుంది.

"మేడం, పిల్లోళ్ళు ఈ దినం కోసరం నెల్నాళ్ళుగా ఎగరతా ఉండారు. వాళ్ళమ్మలే బయటికి పంపేది లేదంటా ఉండారు. చెంగమ్మ బయటికొస్తే మేమూ వస్తామంటారు."

"చెంగమ్మ ఎవరు?"

"మా అత్త" అన్నాడు, ఎవరో కలెక్టరు పేరు చెప్పినట్టు.

చెంగమ్మ ఇల్లు బడికి ఎదురుగానే, తూర్పు వైపున. వీధికంతా పూలు కట్టి ఇచ్చేది ఆమె. గ్రహణం రోజున ఇంటింటికీ గరిక పంచేదీ ఆమే, ఊరగాయ జాడీ మీదా పెరుగు చట్టి మీదా వేసుకోవడానికి. గ్రహణం పట్టిందో లేదో ఆ వీధికి చెప్పేది పంచాంగం కాదు, చెంగమ్మ తలుపు గడియ. ఆమె వేస్తే పట్టినట్టు, తీస్తే విడిచినట్టు. ఆమె రాకపోతే తెర ముందు మేమూ, మునిరత్నమూ, మొండయ్యా తప్ప ఇంకెవరూ ఉండరు. పిల్లలు కిటికీ సందుల్లోంచి ఏడుస్తుంటారు.

"ఒప్పుకునింది మేడం, ఎట్లనో ఒప్పించినా. కానీ ఒక మాటనింది. సూర్యుడికి కష్టమొచ్చినప్పుడు వట్టి సేతుల్తో సూసేదానికి రానంటాది. మాల కడతాదంట. దాన్ని మీ మిషనుకేస్తే వస్తాదంట. సిన్న మాలేలే మేడం."

"వేయండి, దానికేం" అన్నారు మేడం.

నేను మొండయ్యను శుభ్రంగా తూచి, చెయ్యి తీసి, నిలబడిందని చూసి, మజ్జిగ తాగడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి టెలిస్కోపు కనిపించలేదు. దాని స్థానంలో ఒక పూలకొండ ఉంది. బంతిపూలు, మధ్యమధ్య మరువం, కనకాంబరాలు, నీళ్ళు చల్లి చల్లి తడిపిన మాల. దాన్ని కట్టడానికి మూడు తోటలు బోడి అయ్యుంటాయి. మంత్రిగారికి వేస్తే మంత్రిగారు కూర్చుండిపోయేవారు. అది చిన్న మాలైతే పెద్ద మాల మోయడానికి ఆ ఊళ్ళో క్రేను ఉండి ఉండాలి.

అంతలో గ్రహణం మొదలైంది. తెర మీద సూర్యుడి అంచు చిన్నగా నొక్కుపడింది. పడీ పడగానే సూర్యుడు తెర మీంచి పక్కకు జారడం మొదలుపెట్టాడు. మోటారు గుర్రుమంది. మాల కొస ఊగుతూ ఫిల్టరు అంచును తాకుతోంది. నా ముక్కుకు పాత వేరుశనక్కాయల వాసన గుర్తొచ్చింది. మోటారు ఆపి, మాల తీసేద్దామని చెయ్యి వేశాను.

"ఏమప్పా!"

రోడ్డవతల గడప మీద చెంగమ్మ. కొంగు తల మీదికి లాక్కుని, ఒక కాలు గడప ఇవతల, ఒక కాలు అవతల.

"మాల తీస్తా ఉండావా? తీసేటట్టుంటే ఇప్పుడే సెప్పు. ఇట్నే లోపలికి పొయ్యి తలుపేసుకుంటా. నా పూలు ఆ సూర్యుడికి కావాలగానీ నీకు బరువా?"

వీధిలో ఆ చివర నుంచి ఈ చివర దాకా ప్రతి తలుపూ ఓరగా తెరిచి ఉంది. ప్రతి సందులోనూ ఒక పెద్ద తల, దాని కింద రెండు చిన్న తలలు. అన్నీ నా చేతినే చూస్తున్నాయి.

మునిరత్నం నా చెవిలో, "అన్నా, ఆ మాల తీస్తే ఇంగ నా మాట ఈ ఊర్లో ఎవురూ ఇనరు. పిల్లోళ్ళ మొగం నేనెట్ల సూసేది?" అన్నాడు.

"మోటారు పోతాదప్పా" అన్నాను నేను. రెండూ నిజమే. పైన సూర్యుడు మా కోసం ఆగడు.

వెనక నుంచి మేడం గొంతు: "చెయ్యి తియ్యి, వత్సలం."

తీశాను.

"మాల వేయమన్నది నేనే కదా. ఇప్పుడది కూడా సామానే. కెమెరా ఎట్లనో అదీ అట్లనే. దాంతో పాటు తూచు." నా మొహం చూసి నవ్వారు. "మా నాన్న వాహనం మీద స్వామికి మాలలు వేసేవారు. ఆఖరి నిమిషంలో ఎవరో భక్తులు ఇంకో మాల తెస్తారు, బరువు ఒక పక్కకు పోతుంది. మాల తీసేయమని ఎవరైనా అంటారా? మోసేవాళ్ళను సర్దుతారు. పదా, నీ గుండ్లను సర్దు."

ఆ తర్వాత రోడ్డవతలికి గొంతెత్తి, "అమ్మా, మాల తియ్యం. ఊగకుండా కట్టు మారుస్తాం, అంతే" అన్నారు.

"కట్టంటే? పుత్తూరు కట్టా?" అంది చెంగమ్మ.

వీధంతా నవ్వింది. ఎముక విరిగితే పుత్తూరు పోయి కట్టించుకునే ఊళ్ళు మావి. ఆ మాటతో నాకు ఉపాయం తట్టింది. మాలను వేలాడనీయకుండా, గొట్టాన్ని మౌంటు పట్టుకునే చోట, అచ్చం విరిగిన చేతికి చుట్టినట్టు వరసలు వరసలుగా చుట్టేశాను. ఫిల్టరుకు దూరంగా, మధ్యలో బిగువుగా. ఇప్పుడది ఊగదు, ఊరికే బరువు.

"బాగా కట్టినావులే. విరిగింది నీ మిషనుకా, సూర్యుడికా?" అంది గడప మీంచి.

క్లచ్చు వదులు చేశాను. గుండ్లు కడ్డీ చివరిదాకా వెళ్ళాయి. ఇంకొక వెంట్రుకవాసి పోతే కిందపడేవి. గొట్టాన్ని కొంచెం వెనక్కి లాగాను. మేడం పూలను వేళ్ళతో నొక్కి చూశారు, తడి వేళ్ళను చీరకు తుడుచుకున్నారు.

"ఎండకు ఇవి ఆరతాయి, తేలికవుతాయి. సూర్యుడు పడమటికి వాలాడు కాబట్టి గొట్టం ఇప్పుడు మౌంటుకు తూర్పు పక్కనే ఉంది కదా. ఆ పక్క మామూలు కంటే కాస్త ఎక్కువే లాగనీ. గ్రహణం బాగా పట్టే వేళకు సరిపోతుంది."

నేను చాలామంది తెలివైనవాళ్ళ దగ్గర పనిచేశాను. బంతిపూలు ఎండేది కూడా లెక్కలో వేసుకున్న మనిషిని ఆమెను తప్ప ఇంకొకరిని చూడలేదు. ఈ మాట కూడా నేను పెంచి రాయడం లేదు.

"చెయ్యి తియ్యి."

తీశాను. మొండయ్య పూలతో సహా నిలబడ్డాడు. క్లచ్చు బిగించి, సూర్యుణ్ణి వెతికి పట్టి, మోటారు వేశాను. గుర్రు లేదు, వాసన లేదు. తెర మీద సూర్యుడు నట్టనడుమ వచ్చి కూర్చున్నాడు, ఎవరో కొరికిన బొరుగుల ఉండలాగా.

తలుపు సందుల్లోంచి పిల్లల కేకలు. కానీ ఒక్క కాలు కూడా బయటికి రాలేదు. చెంగమ్మ రెండో కాలు ఇంకా గడప లోపలే ఉంది. మాటిచ్చింది, మాల నిలిచింది, అయినా కాలు లేవడం లేదు. పుట్టినప్పటి నుంచి గ్రహణం వేళ గడప దాటని కాలది.

మునిరత్నం "రా అత్తా" అనబోయాడు. మేడం వద్దని తల ఊపి, రోడ్డు దాటి వెళ్ళి చెయ్యి చాపారు. చెంగమ్మ ఆ చేతిని చూసింది, కొంగును ఇంకాస్త ముందుకు లాక్కుంది, పట్టుకుంది. ఇద్దరూ రోడ్డు దాటుతుంటే వీధి ఊపిరి బిగబట్టింది. మోటారు కూడా ఒక్క క్షణం ఆగిందని నా జ్ఞాపకం. ఆగి ఉంటే సూర్యుడు జారిపోయేవాడు, కాబట్టి ఆగలేదనుకుంటాను.

వరండాలో తెర ముందు నిలబడింది చెంగమ్మ. చాలాసేపు చూసింది.

"పాము యాడమ్మా?" అంది చివరికి.

"పాము లేదమ్మా. ఆ నల్లగా అడ్డమొచ్చింది చందమామ."

"సందమామా? మన సందమామేనా?"

"మన చందమామే."

చెంగమ్మ కొంగు తల మీంచి జారింది. ఆమె సర్దుకోలేదు. "ఇదేందమ్మా ఇది! బిడ్డలకు అన్నం తినిపించేటప్పుడు రా రా అని పిలుస్తామే, ఆ సందమామా? మనోడికి భయపడా ఇన్నేండ్లూ తలుపులేసుకునింది!"

వెనక్కి తిరిగి వీధికంతా వినపడేలా కేకేసింది: "ఏమే, రాండే! మనోడేనంట!"

తలుపులు ధడేలుమన్నాయి. పిల్లలు ముందు, తల్లులు వెనక, ముసలాయనలు చొక్కాలు తొడుక్కుంటూ. మునిరత్నం తెర పక్కన నిలబడి ఒక్కొక్క పిల్లవాడి తల మీదా చెయ్యి వేసి లోపలికి పంపుతున్నాడు. అతని మొహం మీద గ్రహణం విడిచింది.

నేను మొండయ్య దగ్గర నుంచి కదల్లేదు, ఎప్పట్లాగే. పూలు వాడుతున్నాయి, సూర్యుడు మాత్రం తెర మధ్యనే ఉన్నాడు. అలవాటు కొద్దీ అటువైపు చూస్తే, జనం మధ్యలో మేడం చెంగమ్మ చేతిని మెల్లగా వదులుతున్నారు. ముందు వేళ్ళు, తర్వాత అరచెయ్యి. పూర్తిగా తీసేసి, ఒక అడుగు పక్కకు జరిగి చూశారు.

చెంగమ్మకు తెలియనే లేదు. తెరనే చూస్తూ నిలబడింది. ఒక్క పాదం మాత్రం కాస్త తూర్పుకు తిరిగి ఉంది, ఇంటి వైపు.

మేడం నా వైపు చూశారు. "పర్వాలేదు, అంత ఉండాలి" అన్నారు.